రంగు నిప్పుల మీద మోజుందా? స్టార్లు ఇంట్లో చెయ్యకుండానే ఉన్న దారుల్లో మీకేది సరిపోతుంది

దసరా సెలవుల్లో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. "మావయ్యా, షాట్లు పైకెళ్లి పేలినప్పుడు ఎర్రగా, పచ్చగా చుక్కలు రాలతాయి కదా, వాటిని స్టార్లు అంటారట. వీడియోలు చూశాను. శనగగింజంత గుళికలే. జాగ్రత్తగా చేస్తే ఇంట్లో చెయ్యొచ్చా?" అని అడిగాడు.

వద్దురా అని ఒక్క ముక్కలో ఫోన్ పెట్టేస్తే వాడు ఇంకొకణ్ణి అడుగుతాడు, లేదా ఎవర్నీ అడక్కుండానే మొదలెడతాడు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. వాడి వయసులో నాకూ ఇదే మోజు ఉండేది. అందుకని ఆ రాత్రి వాడితో గంటకు పైగా మాట్లాడాను. ఇలాంటి పిల్లలు, పెద్దలు చాలామందే ఉంటారని ఆ మాటల్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాణ్ణి ఒకటే అడిగాను. "ఇందులో నిన్ను లాగుతున్నది ఏంట్రా? ఆ రంగు ఎలా పుడుతుందో చూడాలనా? ఏదో ఒకటి సొంత చేత్తో చెయ్యాలనా? పండగ రాత్రి ఆకాశం నిండా వెలుగు చూడాలనా? ఏ రంగు తర్వాత ఏ రంగు రావాలో నువ్వే పేర్చాలనా?" వాడు కాసేపు ఆలోచించి మొదటి రెండూ అన్నాడు. మీరూ ముందు ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. నాలుగింటికీ నాలుగు దారులున్నాయి. ఏ దారిలోనూ మందు కలపాల్సిన పని లేదు.

ఇంట్లో మందు కలపడం: ఎందుకు వద్దంటున్నానంటే

స్టార్ అంటే ఆకాశంలో పేలే షెల్ లోపల పేర్చిన గట్టి గుళిక. అందులో మండే పదార్థం ఉంటుంది, దానికి ఆక్సిజన్ అందించే రసాయనం ఉంటుంది, రంగునిచ్చే లోహ లవణం ఉంటుంది, వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు ఉంటుంది. స్ట్రాన్షియం ఉంటే ఎరుపు, బేరియం ఉంటే పచ్చ, సోడియం ఉంటే పసుపు, రాగి ఉంటే నీలం. నీలం అన్నిటికంటే కష్టం. నీలి వెలుగునిచ్చే కాపర్ క్లోరైడ్ అణువు వేడి ఎక్కువైతే విడిపోతుంది, వేడి తక్కువైతే వెలుగు చాలదు. ఆ మధ్యలో ఉన్న సన్నటి హద్దులో మంటని నిలబెట్టడం చేయి తిరిగినవాళ్లకే కష్టం.

"మా తాతగారు పెరట్లో మతాబులు కట్టేవారు, సిసింద్రీలు చేసేవారు, ఏం కాలేదు" అని కొందరు అంటారు. మా ఇంట్లోనూ కట్టారు. సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను ఎండలో ఆరబెట్టిన వాసన నాకింకా గుర్తుంది. అయితే రెండు సంగతులు మర్చిపోతున్నాం. ఒకటి, ఆ మందులో వచ్చేది బంగారు రంగు ఒక్కటే. మన తాతలకే కాదు, యూరప్ వాళ్లకి కూడా 19వ శతాబ్దం మొదటి దాకా బాణసంచాలో ముదురు ఎరుపు, పచ్చ తెలియవు. 1780ల్లో ఫ్రాన్స్‌లో బెర్తోలే పొటాషియం క్లోరేట్ తయారు చేశాక, కొన్ని దశాబ్దాలకి ఆ రంగులు వచ్చాయి. రంగులతో పాటే ప్రమాదాలూ వచ్చాయి. గంధకంతో కలిసిన క్లోరేట్ చిన్న రాపిడికే అంటుకుంటుంది, కొన్నిసార్లు ఊరికే ఉంచినా అంటుకుంటుంది. బ్రిటన్ ఆ కలయికని 1894లోనే నిషేధించింది. మన దేశంలోనూ అది నిషిద్ధమే. అంటే తాతగారి మతాబుకీ రంగు స్టార్‌కీ మధ్య ఉన్న తేడా రంగు ఒక్కటే కాదు, మందు స్వభావమే వేరు.

రెండో సంగతి, తాతల కాలంలో ఏం కాలేదన్నది నిజం కాదు. మా వీధిలో ఒక పెద్దాయనకి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే ఉండేవి. ఆ చేత్తోనే చుట్ట కాల్చేవారు, ఆ చేత్తోనే మాకు జామకాయలు కోసిచ్చేవారు. ఎలా పోయాయని అడిగితే "దీపావళి ముందు మందు నూరాను" అనేవారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పేవారు కాదు.

ఇక "జాగ్రత్తగా చేస్తే" అన్న మాట. ఈ పనిలో జాగ్రత్త అంటే మనసు పెట్టి చెయ్యడం ఒక్కటే కాదు. పొడి వాతావరణంలో ఒంటి మీది పాలిస్టర్ చొక్కా పుట్టించే కరెంటు కంటికి కనపడదు. కొన్న రసాయనంలో కలిసిన మలినం కంటికి కనపడదు. అందుకే శివకాశి లాంటి చోట్ల ఒక్కో పనికి ఒక్కో చిన్న గది కట్టి, గదికీ గదికీ దూరం పెట్టి, గదిలో మనుషులు ఇంతమందికి మించకూడదు, పేలుడు మందు ఇంత బరువుకి మించకూడదు అని లెక్క పెడతారు. అంత చేసినా ప్రమాదాలు ఆగడం లేదు. మన దగ్గరే చూడండి. 2014 అక్టోబర్‌లో అప్పటి తూర్పు గోదావరి జిల్లా వాకతిప్ప. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నం, ఎనిమిది మంది పోయారు. అదే ఏడాది అక్టోబర్ 8న కోనసీమ జిల్లా కొమరిపాలెం. పోయినవాళ్లలో చాలామంది రోజూ అదే పని చేసేవాళ్లు. చేతులకి అలవాటైన పని అది.

ఏలూరు సంగతి కూడా చెప్పాలి. 2024 దీపావళి రోజున స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే బండి గుంతలో పడింది. ఎవరూ అగ్గిపుల్ల గియ్యలేదు. ఆ కుదుపుకే మొత్తం పేలిపోయింది. ఒకరు చనిపోయారు, దారిన ఉన్నవాళ్లతో కలిపి ఆరుగురు గాయపడ్డారు. నాటు మందు సరుకు ఎవరైనా తక్కువ ధరకి ఇస్తానంటే ఈ గుంతని గుర్తు చేసుకోండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్, 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు లేకుండా బాణసంచా తయారీ నేరం. హాబీ అన్నా, కేజీ లోపే అన్నా, అమ్మడానికి కాదన్నా మినహాయింపు దొరకదు. అమెరికాలో ఈ హాబీకి క్లబ్బులున్నాయి, పైరోటెక్నిక్స్ గిల్డ్ ఇంటర్నేషనల్ అని 1969లో మొదలైన పెద్ద సంఘమే ఉంది. వాళ్ల వీడియోలు చూసే మనవాళ్లు ఉత్సాహపడుతున్నారు. కానీ అక్కడ పనిచేసే చోటు ఎకరాల మధ్యలో ఉంటుంది, నిల్వకీ రవాణాకీ ఫెడరల్ నిబంధనలుంటాయి, పక్కన ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు నిలబడి నేర్పిస్తారు. వీడియోలో ఇవేవీ కనపడవు, గిన్నె మాత్రమే కనపడుతుంది.

రంగు ఎలా పుడుతుందో చూడాలంటే

మా మేనల్లుడికి నేను మొదట చెప్పిన దారి ఇది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా ఇదే.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్లకి గుర్తుంటుంది. లవణం కాస్త తీసి మంటలో పెడితే కాల్షియానికి ఇటుక ఎరుపు, స్ట్రాన్షియానికి ముదురు ఎరుపు, బేరియానికి లేత ఆపిల్ పచ్చ వస్తాయి. చాలామంది దీన్ని రికార్డులో ఒక గడి నింపే పనిగా చూసి వదిలేస్తారు. ఆకాశంలో రాలే చుక్కకీ ఈ బర్నర్ మంటకీ చుట్టరికం ఉంది. అక్కడ వెలిగే లోహాలే ఇక్కడా వెలుగుతాయి. అక్కడ రెండు సెకన్లు కనపడే రంగు ఇక్కడ కావాలన్నంతసేపు, కావాలన్నన్నిసార్లు చూడొచ్చు. బేరియం, స్ట్రాన్షియం లవణాలు మాత్రం కాలేజీ లేబొరేటరీలోనే, లెక్చరర్ పక్కన ఉండగానే. నీళ్లలో కరిగే బేరియం లవణాలు కడుపులోకి పోతే విషం. ఇంటికి తెచ్చుకునేవి కావు. మీ లెక్చరర్‌ని అడగండి. పాఠం బయట ఒక పిల్లవాడు "సార్, ఒక్కసారి మళ్ళీ చూపించండి" అంటే కాదనే కెమిస్ట్రీ మాస్టారు నాకు తెలిసి లేరు.

ఇంట్లో పెద్దవాళ్ల సమక్షంలో చెయ్యదగ్గది ఒకటుంది. వెదురు పుల్లల్ని వేరువేరు గ్లాసుల్లో వేరువేరు ద్రావణాల్లో రాత్రంతా నానబెట్టండి. ఒక గ్లాసులో వంటింటి ఉప్పు. ఇంకొక గ్లాసులో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, తోటలకి బోర్డో మిశ్రమం కొట్టే రైతుల ఇళ్లలో ఉండేదే. మూడో గ్లాసులో పొటాషియం క్లోరైడ్. మర్నాడు ఆరుబయట, బల్ల మీద స్పిరిట్ లాంప్ వెలిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో పుల్ల కొసని మంట అంచున పెట్టండి. ఉప్పు పుల్ల చిక్కటి పసుపుతో వెలుగుతుంది. మైలుతుత్తం పుల్ల దగ్గర పచ్చా నీలం కలిసిన రంగు కనపడుతుంది. పొటాషియం లేత వంకాయ రంగు, దాన్ని పట్టుకోవడానికి కాస్త ఓపిక కావాలి. కట్టెలో ఉండే సోడియం పసుపు దాన్ని మింగేస్తుంటుంది. ఒక పుల్ల చూడటం అయ్యాక నీళ్ల బకెట్‌లో ముంచండి. మైలుతుత్తం గ్లాసు పిల్లలకి అందకూడదు, వంటింట్లోకి రాకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఒకటి మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. రంగు బాగా రావాలని మంట మీద స్పిరిట్ గానీ, మెథనాల్ గానీ, శానిటైజర్ గానీ సీసాతో పొయ్యకండి. అమెరికా స్కూళ్లలో ఇంద్రధనుస్సు మంటల ప్రదర్శన పేరుతో మెథనాల్ పోసి, మంట సీసాలోకి ఎగబాకి, ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఒళ్లు కాల్చుకున్న సంఘటనలు చాలానే ఉన్నాయి.

దీనికి జోడీగా ఒక పాత సీడీ వెతకండి. అట్టపెట్టెకి ఒక పక్క బ్లేడుతో సన్నటి చీలిక కోసి, లోపల సీడీ ముక్కని ఏటవాలుగా నిలబెట్టి, పైన కన్ను పెట్టడానికి చిన్న కిటికీ కోస్తే వర్ణపటం చూసే పెట్టె తయారు. ఆ పెట్టెలోంచి ఉప్పు మంటని చూస్తే పసుపు దగ్గర ఒకే ఒక్క గీత మెరుస్తుంది. ఎల్ఈడీ బల్బుని చూస్తే రంగులన్నీ పరుచుకుని ఉంటాయి. సూర్యుణ్ణి మాత్రం దాంతో చూడకూడదు. నేను మొదటిసారి ఆ పసుపు గీత చూసిన రాత్రి నిద్రపోలేదు. సూర్యుడిలోనూ నక్షత్రాల్లోనూ ఏ మూలకాలున్నాయో మనుషులు తెలుసుకున్నది ఇలాంటి గీతలు చదివే. స్టార్ చేద్దామని బయల్దేరిన పిల్లవాడు అసలు నక్షత్రం దగ్గరికి చేరే దారి ఇది.

సొంత చేత్తో చెయ్యాలంటే: ఉప్పు పొట్లం

గోదావరి వైపు పెద్దవాళ్లకి దీని పేరు చెబితే చాలు, కళ్లు మెరుస్తాయి. సూరేకారం లేదు, గంధకం లేదు, పేలే గుణమే లేదు. బొగ్గు, ఉప్పు, గుడ్డ, తాడు.

పోతుతాడి (మగ తాటిచెట్టు) గెలలు వేసవిలో ఎండి రాలతాయి. వాటిని ఏరి అటక మీద పెట్టేవాళ్లం. దీపావళికి నాలుగు రోజుల ముందు గోతిలో వేసి కాల్చి, గాలాడకుండా మట్టి కప్పితే బొగ్గవుతాయి. ఆ బొగ్గుని, కళ్లుప్పుని రోట్లో మెత్తగా నూరాలి. పాత నూలు గుడ్డలో ఆ పొడి పోసి, చుట్ట చుట్టి, పురికొసతో గట్టిగా బిగించాలి. గుడ్డ వదులైతే పొడి ఒక్కసారే రాలిపోతుంది, మరీ దళసరైతే నిప్పు లోపలికి పాకదు. మా అమ్మ పాత పంచె గుడ్డ తప్ప ఇంకోటి వాడనిచ్చేది కాదు. ఆ చుట్టని తాటి మట్ట చీలికల మధ్య బిగించి, చివర పొడుగాటి తాడు కట్టి, కొసన పిడక నిప్పు పెట్టి రాజేస్తారు. నిప్పు పట్టిందని తెలిశాక తాడు పట్టుకుని తల చుట్టూ గిరగిర తిప్పుతారు. గాలి తగిలేకొద్దీ బొగ్గు రేణువులు ఎర్రగా కాలి బయటికి చిమ్ముతాయి. తిప్పేవాడి చుట్టూ బంగారు పూల గొడుగు విచ్చుకుంటుంది. ఉప్పు చిటపటలాడుతుంది. వీధి దీపాలు లేని రోజుల్లో ఆ గొడుగు పక్క ఊరి గట్టు మీంచి కూడా కనపడేది.

రంగులు రావు, నిజమే. కానీ చేత్తో చేసిన తృప్తి దీంట్లో ఉన్నంత ఇంకెందులోనూ లేదు. ప్రమాదం లేదని చెప్పను, నిప్పు నిప్పే. తిప్పేచోట చుట్టూ ఎవరూ ఉండకూడదు. గడ్డివాములు, తాటాకు పాకలు, పార్క్ చేసిన బళ్లు దగ్గర్లో ఉండకూడదు. ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి, తలకి తడి తువ్వాలు కట్టాలి. తాడు ముడి పెద్దవాళ్లు చూడాలి, ఊడిందంటే నిప్పు పొట్లం గాల్లో ఎగిరిపోతుంది. అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇది కుదరదు, పల్లెలో ఖాళీ పొలం ఉన్నవాళ్లకే. మందు నూరడంలో లాగా ఒక్క రాపిడికి చెయ్యి ఎగిరిపోయే భయం మాత్రం ఇందులో లేదు.

ఇంకా చిన్నపిల్లలైతే గోగు కాడలకి నూనె గుడ్డ చుట్టి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అని తిప్పించండి. పండగ మొదలయ్యేది అక్కడే.

పండగ రాత్రి వెలుగు చూడాలంటే: దుకాణంలో ఏది ఎంచుకోవాలి

మీకు కావలసింది రంగు చుక్కలే అయితే అవి దొరికేది ఆకాశంలోకి వెళ్లే షాట్లలో. 12 షాట్లు, 30 షాట్లు, ఇంకా పైన. స్టార్ అనేది నిజంగా ఉన్న సరుకు ఇదే. చప్పుడు కోసం కొనే లక్ష్మీ బాంబులు, ఔట్లలో రంగేమీ ఉండదు. ఆ డబ్బు షాట్లకి పెట్టండి. షాట్ పెట్టెని చదునైన నేల మీద పెట్టి, అటూ ఇటూ ఇటుకలు ఆనించాలి. మొదటి షాట్ దెబ్బకి పెట్టె పక్కకి ఒరిగితే మిగతావన్నీ జనం మీదికి వస్తాయి. పైన కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు లేకుండా చూసుకోండి. ఒత్తి అంటించేటప్పుడు మొహం పెట్టె మీదికి వంచకండి.

నేల మీదివాటిలో నా ఓటు చిచ్చుబుడ్డికి. దీనికి పొగ లెక్క కూడా తోడుంది. పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2016లో ఆరు రకాలు వెలిగించి, దగ్గర నిలబడ్డవాళ్లు పీల్చే సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, ఎంత దాకా పెరుగుతుందో కొలిచారు. ఘనపు మీటరు గాలిలో పాము బిళ్లకి 64,500 మైక్రోగ్రాములు. వెయ్యి టపాకాయల సరానికి 38,540. కాకరపువ్వొత్తికి 10,390. భూచక్రానికి 9,490. చిచ్చుబుడ్డికి 4,860. చప్పుడు చెయ్యదు కదా, పాకుతూ వస్తుంది కదా అని చంటిపిల్లల ముందు పాము బిళ్ల పెడుతుంటాం. అన్నిటిలోకీ ఎక్కువ పొగ దానిదే, పిల్లలు దాని మీదికే వంగి చూస్తారు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే పాము బిళ్లని జాబితాలోంచి కొట్టెయ్యండి. చిచ్చుబుడ్డి అప్పుడప్పుడు పేలుతుంది కాబట్టి చేత్తో పట్టుకోవడం, మొహం దగ్గర పెట్టుకోవడం వద్దు. పొడుగాటి కాకరపువ్వొత్తితో దూరం నుంచి అంటించి వెనక్కి వచ్చెయ్యాలి.

కాకరపువ్వొత్తిని పిల్లల సరుకు అనుకుంటాం. దాని కొస వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. ఆరిపోయాక తీగ నల్లగా, చల్లగా ఉన్నట్టు కనపడుతుంది, పసిపాదం దాని మీదే పడుతుంది. ఇసుక గానీ నీళ్లు గానీ ఉన్న బకెట్ పక్కన పెట్టి, కాలిన ప్రతి తీగా అందులోకే వెయ్యమని పిల్లలకి ముందే నేర్పండి. మా ఇంట్లో పండగ పని పంచేటప్పుడు బకెట్ బాధ్యత ఒక పిల్లకి ఇస్తాం, ఆ రాత్రికి ఆ పిల్లే పెద్ద.

పెట్టె కొనేటప్పుడు ఏం చూడాలి? 2018 అక్టోబర్ 23న సుప్రీంకోర్టు గ్రీన్ క్రాకర్స్ మాత్రమే అమ్మాలని, బేరియం లవణాలు వాడకూడదని, సరాలు వద్దని చెప్పింది. పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-నీరి శాస్త్రవేత్తలు స్వాస్, స్టార్ (ఇది పేరే, మన గుళిక కాదు), సఫల్ అనే పేర్లతో పొగ తగ్గించే రకాలు రూపొందించారు. పొగ తగ్గుతుంది తప్ప పోదు, సుమారు 30 శాతం తగ్గుతుందన్నది వాళ్ల లెక్క. పెట్టె మీద నీరి గుర్తు, క్యూఆర్ కోడ్, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు ఉన్నాయా చూడండి. క్యూఆర్ కోడ్ ఊరికే చూసి వదలకండి, ఫోన్‌తో స్కాన్ చెయ్యండి. ముద్ర ఎవరైనా వేస్తారు. బేరియం నిషేధం వల్ల గడ్డిపచ్చ రంగుని చట్టప్రకారం ఇవ్వడం తయారీదారులకి కష్టమైంది. పెట్టె మీది బొమ్మలో ఉన్నంత పచ్చ ఆకాశంలో రాకపోతే మోసపోయామని అనుకోకండి. చప్పుడుకీ హద్దుంది, పేలిన చోటుకి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదన్నది 1999 నుంచి ఉన్న నిబంధన.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ముందు తమ రాష్ట్రం చట్టం చూసుకోవాలి. మసాచుసెట్స్‌లో సొంతంగా కాల్చడం పూర్తిగా నిషేధం, కాకరపువ్వొత్తి కూడా కుదరదు. న్యూజెర్సీలో 2017 నుంచి కాకరపువ్వొత్తులు, నేల మీదివి అనుమతించారు, పైకెగిరేవి కాదు. పక్క రాష్ట్రంలో కొని డిక్కీలో వేసుకొచ్చే ఆలోచన ఉంటే ఆ తేడా గుర్తుంచుకోండి.

పేలని దాని జోలికి వెళ్లకండి. మళ్లీ అంటించకండి, విప్పి మందు పోగుచెయ్యకండి. అరగంట ఆగి, దూరం నుంచి నీళ్లు పొయ్యండి. విప్పిన మందుని కాగితంలో చుట్టి ఒకేసారి అంటించే ఆట మా ఊళ్లో పిల్లలందరం ఆడాం. నా కుడి కనుబొమ్మ మధ్యలో ఇప్పటికీ వెంట్రుకలు రావు.

ఒళ్లు కాలితే కొళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు పుయ్యకండి. కంటికి తగిలితే రుద్దకండి, నొక్కకండి. కన్ను మీద ఒత్తిడి పడకుండా కాగితం కప్పు లాంటిది అడ్డం పెట్టి నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా దీపావళి రాత్రి ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి. పక్కింట్లో కాలుస్తుంటే చూస్తూ నిలబడ్డవాళ్లూ వాళ్లలో ఉంటారు. అంబులెన్సుకి 108.

రంగుల్ని మీరే పేర్చాలంటే

ఇది కొందరికే ఉండే ఇష్టం. సంగీతానికి తగ్గట్టు ఎరుపు ఎప్పుడు, బంగారం ఎప్పుడు, ఎంత ఎత్తులో అని కలలు కనేవాళ్లు. వాళ్లకి కంప్యూటరే ప్రయోగశాల. ఎఫ్‌డబ్ల్యూసిమ్, ఫినాలే త్రీడీ అని సిమ్యులేటర్లున్నాయి. పెద్ద ప్రదర్శనలు చేసే కంపెనీలు నిజంగా కాల్చే ముందు ఫినాలే త్రీడీ లాంటివాటిలోనే పేర్చుకుంటాయి. దీంట్లో చేయి తిరిగితే లైసెన్సు ఉన్న ప్రదర్శన సంస్థ దగ్గర సహాయకుడిగా చేరి, అసలు పని పద్ధతిగా నేర్చుకునే వీలుంటుంది. స్టార్ల రసాయనమే వృత్తి కావాలనుకుంటే కెమిస్ట్రీ డిగ్రీ చదవండి. శివకాశిలో పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో వాళ్ల ఫైర్‌వర్క్స్ పరిశోధన, అభివృద్ధి కేంద్రం ఉంది. ఆ స్థాయిలో పనిచేసేవాళ్లు ఈ మందుని గౌరవంగా ముట్టుకోవడం నేర్చుకున్నవాళ్లు.

కెమెరా ఉన్నవాళ్లకి ఇంకొక మాట. ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ 100, ఎఫ్ 8 నుంచి 11 మధ్య, రెండు నుంచి నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చి చూడండి. స్టార్ పుట్టిన చోటి నుంచి ఆరేదాకా గీసిన గీత మొత్తం ఒక్క ఫొటోలో వస్తుంది. మొదట్లో తెల్లగా ఉండి, తర్వాత ఎర్రబడి, చివర బంగారంగా మారి ఆరిపోయే చుక్కలుంటాయి. ఆ మార్పు కంటికంటే ఫొటోలోనే బాగా తెలుస్తుంది.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే? పట్నంలో ఫ్లాట్‌లో ఉండి, పదిహేను పదహారేళ్ల పిల్లవాడు అడిగితే సీడీ పెట్టె, వెదురు పుల్లలు. పల్లెలో పెద్దల తోడు ఉంటే ఉప్పు పొట్లం. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి నాలుగు చిచ్చుబుడ్లు, ఒక నీళ్ల బకెట్. డబ్బు, ఖాళీ స్థలం ఉన్న కాలనీ వాళ్లయితే ఇంటింటికీ విడిగా కొనకుండా అందరూ కలిసి ఒక మంచి షాట్ పెట్టె కొని, ఒకే చోట ఒక్కరే కాల్చి, మిగతావాళ్లు దూరంగా కుర్చీలు వేసుకుని చూడండి.

మా వాడు ఏం ఎంచుకున్నాడో చెప్పలేదు కదా. పాత సీడీలు అటక మీంచి దింపించాడు. అట్టపెట్టె చీలిక మొదటిసారి వెడల్పుగా కోశాడు, గీత మసగ్గా కనపడింది, మళ్ళీ బ్లేడుతో సన్నగా కోశాడు. నిన్న రాత్రి ఎనిమిదింటికి వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసి, "మన చెరువు గట్టు మీది పోతుతాడి గెలలు ఎవరికీ ఇవ్వకు, దీపావళికి రెండు రోజుల ముందే వస్తాను" అన్నాడట.